కేసును 'ఛేదించారు' అనాలా? హత్యల దర్యాప్తు చుట్టూ కొన్ని మాటలు

టపా

అందరికీ నమస్కారం. హత్య కేసుల దర్యాప్తు మీద తీసిన ఒక డాక్యుమెంటరీకి తెలుగు వ్యాఖ్యానం రాస్తున్నాను. నాలుగు పేజీలు పూర్తయ్యాక ఒకసారి పైకి చదువుకున్నాను. 'పోలీసులు కేసును ఛేదించారు' అని పదకొండు చోట్ల రాశాను! వింటుంటే కట్టెలు కొట్టేచోట కూర్చున్నట్టే ఉంది. పేపర్లు రోజూ రాసేమాటే కాబట్టి చెయ్యి అలవాటుగా అటే పోతోంది.

నా ఇబ్బంది విసుగు ఒక్కటే కాదు. ఛేదించడమంటే నరకడం కదా. నేను రాస్తున్న కేసులో ఎవరూ దేన్నీ ఒక్క వేటుకు నరకలేదు. ఇంగ్లండులో లెస్టర్ దగ్గర పల్లెల్లో 1983లో ఒక అమ్మాయి, 1986లో మరో అమ్మాయి హత్యకు గురయ్యారు. రెండో హత్య తానే చేశానని పదిహేడేళ్ల కుర్రాడొకడు ఒప్పుకున్నాడు. మొదటిది మాత్రం తనకు తెలియదన్నాడు. రెండూ ఒకడి పనేనని పోలీసుల నమ్మకం. లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ అనే శాస్త్రవేత్త 1984లో డీఎన్ఏతో మనిషిని గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టి ఉన్నాడు కాబట్టి ఆయన దగ్గరికి వెళ్లారు. రెండూ ఒకడి పనే అని తేలింది, కానీ ఆ ఒకడు ఈ కుర్రాడు కాదనీ తేలింది.

తర్వాత చుట్టుపక్కల ఊళ్ల మగవాళ్లను సుమారు 5,000 మందిని పిలిచి నమూనాలు తీసుకున్నారు. ఒక్కటీ కలవలేదు. ఎందుకంటే అసలువాడు తనతో పనిచేసే మనిషిని బతిమాలి, తన పేరు మీద అతని నెత్తురు ఇప్పించాడు. ఆ మనిషి 1987లో ఒక పబ్‌లో నలుగురి మధ్య నోరు జారాడు. విన్న ఒకావిడ కొన్నాళ్లు మనసులో పెట్టుకుని చివరికి పోలీసులకు చెప్పింది. సెప్టెంబరులో అరెస్టు, 1988 జనవరిలో యావజ్జీవం.

ఇప్పుడు చెప్పండి. దీన్ని 'ఛేదించారు' అని ఎలా రాయను? ఛేదించు అనే వాడుక అసలు సరైనదేనా? ఇంకేం మాటలున్నాయి?

జవాబు

వాడుకలో తప్పు లేదండీ. సంస్కృతంలో ఛిద్ అంటే నరకడం, తెంచడం. భిద్ అంటే చీల్చడం, పగలగొట్టడం. ఈ రెండూ ఒకే పంక్తిలో పక్కపక్కన కనబడే చోటు ముండకోపనిషత్తు: 'భిద్యతే హృదయగ్రంథిః, ఛిద్యంతే సర్వసంశయాః'. హృదయంలోని ముడి భేదింపబడుతుందట, సంశయాలన్నీ ఛేదింపబడతాయట. గీతలో నాలుగో అధ్యాయం చివర కృష్ణుడు అర్జునుడికి చెప్పేది కూడా అదే, జ్ఞానమనే కత్తితో సంశయాన్ని నరికి లేచి నిలబడమని.

అంటే ఛేదించే వస్తువు సంశయం. కేసు కాదు, హంతకుడు అంతకన్నా కాదు. పేపర్లవాళ్లు 'సంశయాన్ని' తీసేసి అక్కడ 'కేసును' కూర్చోబెట్టారు, అంతే. మాట పాతదే, కర్మ మారింది.

జవాబు

'మిస్టరీ వీడింది' అనండి, గొడవుండదు 😀

లేదా చిక్కు అనే మాట చూడండి. జుట్టులో పడేదీ చిక్కే, దొంగ దొరికితే అనేదీ చిక్కాడనే. 'చిక్కు వీడింది, హంతకుడు చిక్కాడు' అని రాస్తే మీ వ్యాఖ్యానం చదివేవారు నాలుగు రోజులు మిమ్మల్ని తలుచుకుంటారు.

జవాబు

పైవారి చమత్కారం బాగుంది కానీ టపాలోని కేసుకు తగిన మాట మన నోట్లో ఎప్పటినుంచో ఉంది: తీగ లాగితే డొంకంతా కదిలింది. పబ్‌లో ఆ మనిషి మాట తీగ. నకిలీ నమూనా, దాని వెనక మనిషి, ఆ వెనక రెండు హత్యలు, ఇదంతా డొంక.

విశేషమేమిటంటే ఇంగ్లీషువాళ్ల 'క్లూ' కూడా మొదట దారపు ఉండే. గ్రీకు కథలో థీసియస్ చిక్కుదారుల్లోంచి దారం పట్టుకుని బయటపడతాడు. ఆ దారపు ఉండకున్న పేరే తర్వాత ఆధారం అనే అర్థంలోకి జారింది. వాళ్లకు దారం, మనకు తీగ. రెండిటికీ పనిముట్టు చెయ్యే, కత్తి కాదు.

డొంక అంటే పొద అని చాలామందికి తెలుసు. కంచెల మధ్య వంకరలు తిరిగే బండిబాటనూ డొంక అనే అంటారు. డొంకతిరుగుడు మాటలు వచ్చింది ఆ దారిలోంచే. విచారణలో అనుమానితుడు చేసేది అదే కదా. అందుకే కొందరు అధికారులు అతను చెప్పిన కథను వెనకనుంచి ముందుకు చెప్పమంటారు. ఇంటికొచ్చింది ఎప్పుడు, దానికి ముందు ఎక్కడ, అంతకు ముందు ఎవరితో? జరిగిందాన్ని తలుచుకుంటూ చెప్పేవాడు తడుముకుంటూనైనా వెనక్కి నడుస్తాడు. అల్లుకున్నవాడికి కథ ముందుకే వచ్చు. (ఇదొక్కటే చూసి దోషి అనలేరు లెండి. భయపడినవాడూ తడబడతాడు.)

తీగ లాగడానికి నాకు తెలిసినంతలో ఇంతకు మించిన ఉదాహరణ లేదు. కాలిఫోర్నియాలో 1970లు, 80లలో పదమూడు హత్యలు, ఎన్నో అత్యాచారాలు చేసినవాడు దశాబ్దాలు దొరకలేదు. వాడి డీఎన్ఏ పోలీసుల దగ్గరుంది, కానీ పోలీసు రికార్డుల్లో దానికి జోడీ లేదు. చివరికి జనం తమ చుట్టాలను వెతుక్కోవడానికి వాడే వంశవృక్షాల సైటులో దాన్ని పెట్టి చూశారు. దొరికింది హంతకుడు కాదు, దూరపు బంధువులు. అక్కణ్నుంచి ముత్తాతల దాకా వెళ్లి, మళ్లీ కొమ్మ కొమ్మా దిగుతూ, వయసు కుదరనివాళ్లను, ఆ ఊళ్లలో ఎప్పుడూ లేనివాళ్లను పక్కన పెడుతూ వచ్చారు. ఒక ముసలాయన దగ్గర ఆగారు. అతని కారు తలుపు పిడి మీంచి, అతను చెత్తలో పారేసిన కాగితం మీంచి నమూనా తీసి పోల్చారు. కలిసింది. 2018 ఏప్రిల్లో అరెస్టు. జోసెఫ్ డిఆంజెలో, ఒకప్పుడు తనే పోలీసు.

జవాబు

నేను మార్చురీలో పనిచేసిన డాక్టర్ని. భాషాపండితుణ్ని కాను, అయినా ఒక చిరాకు చెప్పుకోవాలి. శవపంచనామా, శవపరీక్ష ఒకటి కాదు! శవపంచనామా అంటే పంచుల, అంటే సాక్షుల, సమక్షంలో మృతదేహాన్ని పైపైన చూసి, ఎక్కడ ఎలా పడి ఉంది, ఏ గాయాలు కనబడుతున్నాయి అని రాసుకునే కాగితం. కత్తి పట్టేది శవపరీక్షలో, అదే పోస్టుమార్టంలో. 'డాక్టర్లు శవపంచనామా నిర్వహించారు' అని చదివినప్పుడల్లా నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. వ్యాఖ్యానంలో జాగ్రత్త.

ఇంకొకటి. 'రిగర్ మార్టిస్'కు పుస్తకాల్లో శవకాఠిన్యం అని ఉంటుంది. దయచేసి అది రాయకండి. మంచి తెలుగు మాట ఉంది, కొయ్యబారడం. భయంతో కొయ్యబారిపోయాడు అంటాం చూడండి, అదే. చనిపోయిన రెండు మూడు గంటల్లో దవడ దగ్గర మొదలై, పన్నెండు గంటల వేళకు ఒళ్లంతా బిగుస్తుంది, తర్వాత మెల్లగా సడలుతుంది. వేడిలో అన్నీ తొందరగా, చలిలో ఆలస్యంగా జరుగుతాయి. కాబట్టి 'సరిగ్గా రాత్రి 9.40కి చనిపోయాడు' అనే డాక్టరు సినిమాల్లోనే ఉంటాడు.

నాకు అంతకన్నా ముఖ్యమైంది రంగు. గుండె ఆగాక నెత్తురు నీళ్లలాగే పల్లానికి దిగుతుంది. వెల్లకిలా ఉన్న శవానికి వీపు కమిలినట్టు ఎర్రనీలంగా మారుతుంది, కానీ నేలకు గట్టిగా ఆనిన చోట్ల మాత్రం తెల్లగానే ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ రంగు నిలిచిపోతుంది, ఆపైన తిప్పినా కదలదు. ఒకసారి వెల్లకిలా పడి ఉన్న మనిషిని తెచ్చారు. బట్టలు తీసి చూస్తే రంగంతా రొమ్మునా పొట్టనా ఉంది. నేను ఏమీ అనకముందే పక్కన నిలబడ్డ కానిస్టేబులు, 'బోర్లా పోయాడు సార్, ఎవరో తిప్పారు' అన్నాడు. మీరడిగే 'ఛేదించడం' ఇలా ఉంటుంది మరి, ఎవరో ఒకరు తిప్పి చూడాలి.

ఈగల సంగతి చెప్పకుండా పోలేను. చైనాలో 1247లో సోంగ్ త్సీ అనే న్యాయాధికారి శవపరీక్షల మీద రాసిన పుస్తకంలో ఒక కేసుంది. ఒకణ్ని కొడవలితో నరికి చంపారు. విచారణాధికారి ఊళ్లోవాళ్ల కొడవళ్లన్నీ తెప్పించి నేల మీద పరిపించాడు. ఎండ బాగా ఉంది. కాసేపటికి ఈగలు వచ్చి ఒకే ఒక్క కొడవలి మీద ముసిరాయి. కంటికి శుభ్రంగానే ఉంది, ఈగలకు నెత్తురు వాసన తగిలింది. కొడవలి మనిషి ఒప్పుకున్నాడు. ఇక్కడ నరికింది హంతకుడు, దర్యాప్తు చేసినాయన ఊరికే కూర్చుని చూశాడు.

జవాబు

డాక్టరుగారూ, దండాలు. ఆ కానిస్టేబుల్ని ఈ గ్రూపులోకి తీసుకురండి.

జవాబు

కోర్టు కాగితాలు అనువదించే పని నాది. ఈ రంగంలో మన మాటలు సగం అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చినవే. దర్యాప్తు ఫారసీ 'దర్యాఫ్త్', కనుక్కోవడం. ఫిర్యాదు అంటే ఆదుకోండని పెట్టే కేక. ఖూనీ మన దగ్గర హత్య, ఉర్దూలో మాత్రం ఆ పని చేసినవాడు. అన్నిటికన్నా విచిత్రం ముద్దాయి. అసలు భాషలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, అంటే ఫిర్యాది! తెలుగులోకి వచ్చేసరికి బోనులో అటు నిలబడ్డవాడు ఇటు వచ్చేశాడు.

నవ్వుకోడానికి బాగానే ఉంది గాని, నిజం కేసుల్లోనూ ఇలా తారుమారయ్యాయి. అర్జెంటీనాలో 1892లో ఒకావిడ ఇంట్లో ఇద్దరు పిల్లలు హత్యకు గురయ్యారు. ఆవిడ మెడ మీదా గాయముంది. పొరుగువాడే చంపాడని చెప్పింది. అతన్ని పట్టుకుని చిత్రహింసలు పెట్టినా ఒప్పుకోలేదు. అల్వారెజ్ అనే అధికారి వచ్చి ఇల్లు మళ్లీ చూస్తే తలుపు మీద నెత్తురుతో పడిన బొటనవేలి ముద్ర ఉంది. ఆ ముక్కంతా కోయించి పట్టుకుపోయాడు. అప్పటికే వుసెటిచ్ అనే ఆయన అక్కడి పోలీసులకు వేలిముద్రలు చదవడం నేర్పుతున్నాడు. పోల్చి చూస్తే పొరుగువాడిది కాదు, తల్లిదే. చూపించగానే ఒప్పుకుంది. వేలిముద్రతో తేలిన తొలి హత్య కేసుగా చెప్పుకునేది దీన్నే. (టపా పెట్టినవారికి: ఇక్కడ నిజంగానే ఛేదించారండోయ్, తలుపుచెక్కను.)

మనం చదువురానివాణ్ని 'వేలిముద్రగాడు' అంటాం. ఆవిడ సంతకం మార్చగలదేమో, ముద్ర మార్చలేకపోయింది.

ఒక్క మనవి. అనుమానితుడు, నిందితుడు, దోషి, వీటిని కలిపేయకండి. అరెస్టు వార్తలోనే 'హంతకుడు' అని రాసేస్తున్నారు. ఆ పొరుగువాణ్నీ మొదటి రోజు అలాగే పిలిచి ఉంటారు. సాక్షి అనే మాట చూడండి, అందులో ఉన్నది 'అక్షి', కన్ను. చూసినవాడే సాక్షి. కానీ అమెరికాలో ఏళ్లు జైల్లో మగ్గి, డీఎన్ఏ పుణ్యాన బయటపడ్డవాళ్ల కేసులు తిరగేస్తే, ఎక్కువ చోట్ల తప్పు చేసింది ఎదురుగా చూసిన కళ్లే. అబద్ధమాడలేదు పాపం, నిజంగానే అతనే అనుకున్నారు.

జవాబు

తీగ-డొంక సామెతలో ఒక లోపం ఉందండి. ఏ తీగ లాగినా ఏదో ఒక డొంక కదులుతుంది. అది మనకు కావలసిన డొంకేనా? అర్జెంటీనాలో పొరుగువాడి తీగే ముందు లాగారు.

జవాబు

(తీగ గురించి రాసినవాణ్నే.) ఒప్పుకుంటాను. అందుకే మంచి అధికారి రెండు మూడు తీగలు పట్టుకుంటాడు. ఫోను ఒక దిక్కు, డబ్బు లావాదేవీ ఒక దిక్కు, దారిలో కెమెరాలు ఒక దిక్కు లాగినా కదిలేది అదే డొంకయితే అప్పుడు అడుగు వేస్తాడు.

టపా పెట్టినవారు

అందరికీ ధన్యవాదాలు. రాత్రి కూర్చుని దిద్దాను. శవపంచనామా రెండు చోట్ల తప్పు రాశాను, సరిచేశాను. డాక్టరుగారూ, కొయ్యబారడం తీసుకున్నాను. 'చిక్కు వీడింది, చిక్కాడు' మాత్రం ధైర్యం చాల్లేదు.

పదకొండు ఛేదనల్లో పది పోయాయి. కొన్నిచోట్ల 'కూపీ లాగారు', కొన్నిచోట్ల 'జాడ దొరికింది', రెండు చోట్ల 'తేలింది', ఇంకొన్నిచోట్ల ఆ వాక్యమే అవసరం లేదు. పబ్ ఘట్టంలో ఏ క్రియా పెట్టలేదు. ఆవిడ ఫోను ఎత్తింది, అంతే.

ఒక్కటి ఉంచాను. మొదటి జవాబులో ఛేదించేది కేసును కాదు, సంశయాన్ని అన్నారు కదా. ఆ లెక్కన చూసుకుంటే అది ఉండాల్సిన చోటు హంతకుడు దొరికినప్పుడు కాదు. చేయని హత్య ఒప్పుకున్న ఆ పదిహేడేళ్ల కుర్రాడి నమూనా, లెస్టర్ ల్యాబులో హంతకుడిదాంతో కలవలేదని తేలిన రోజు. వాక్యం ఇది: 'డీఎన్ఏ పరీక్ష పోలీసుల అనుమానాన్ని ఛేదించింది.'

'అనుమానాన్ని' బాగుందా, 'సంశయాన్ని' అనాలా?

జవాబు

అనుమానమే ఉంచండి. కుర్రాడి మీద పడ్డది అదే.