మోడల్ జెట్‌లో టర్బైన్ ఎగ్జాస్ట్ గొట్టం: వెనుక కొసను బిగించాలా, వదిలేయాలా?

చంపావతి_ఆర్సీ (విజయనగరం):
అందరికీ నమస్కారం. ఫైబర్‌గ్లాస్ బాడీ గల ఒక మోడల్ జెట్‌లో 100 న్యూటన్ల తోపుడు బలం తరగతి టర్బైన్‌ను అమర్చుతున్నాను. ఇంజిన్ పట్టాలు, ఇంధనపు ట్యాంకు, ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టె) వరకు పని పూర్తయింది. ఎగ్జాస్ట్ గొట్టం దగ్గర ఆగిపోయాను. గొట్టం రెండు పొరలది: లోపల పలుచని స్టెయిన్‌లెస్ స్టీలు, పైన అల్యూమినియం, పొడవు 80 సెంటీమీటర్లు. ముందున్న బెల్‌మౌత్ (గరాటులా విచ్చుకున్న గొట్టం నోరు) చెవులను ప్లైవుడ్ ఫార్మర్‌కు (బాడీ లోపలి అడ్డు చట్రానికి) బోల్టులతో బిగిస్తున్నాను. వెనుక కొస మాత్రం తోక రంధ్రంలో వదులుగా ఉండి, తడితే గలగలమంటోంది. దానిని కూడా ఒక రింగు వేసి బిగించేయవచ్చా? ఇంజిన్ నాజిల్‌కు, బెల్‌మౌత్‌కు మధ్య ఎంత ఖాళీ ఉండాలి? పైగా బెల్‌మౌత్ అంచు రవాణాలో సొట్టపడింది. కొత్తది వచ్చేలోగా, ఇత్తడి పనికి పేరున్న బూడితిలో ఇత్తడితో చేయించుకోవచ్చు కదా అని ఒక మిత్రుడు అంటున్నారు. అది సరైన పనేనా?

వంశధార_తీరం (శ్రీకాకుళం):
వెనుక కొసను ఎట్టి పరిస్థితిలోనూ బిగించకండి. స్టెయిన్‌లెస్ స్టీలు డిగ్రీకి మీటరుకు సుమారు 17 మైక్రోమీటర్ల చొప్పున సాగుతుంది. మీ లోపలి గొట్టం 400 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే 80 సెంటీమీటర్లకు దాదాపు ఐదున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు కొసలూ కదలకుండా పట్టి ఉంచితే ఆ పెరుగుదలకు దారి ఉండదు కనుక, పలుచని రేకు మధ్యలో వంగిపోవడమో, ముందున్న ఫార్మర్ జిగురు ఊడిపోవడమో జరుగుతుంది. పై పొర అంతగా వేడెక్కదు కాబట్టి లోపలి పొర ఎక్కువగా, పైది తక్కువగా సాగుతాయి. అందుకే మంచి గొట్టాలలో ఆ రెండింటినీ ఒక కొస దగ్గరే కలుపుతారు. గలగల శబ్దం ఇబ్బందిగా ఉంటే, గొట్టాన్ని కింద నుండి మోస్తూ ముందుకు వెనుకకు జారనిచ్చే ఒక రేకు ఆధారం పెట్టండి, అంతకు మించి వద్దు. గొట్టం చుట్టూ ఉన్న ఖాళీని మూసేయకండి. బాడీలోని వేడిగాలి బయటకు పోయే దారి అదే. గొట్టం చివర తోక అంచు కన్నా లోపలికి ఉండకూడదు, కొద్దిగా బయటకు ఉంటే మేలు.

నాజిల్‌కు, బెల్‌మౌత్‌కు మధ్య సాధారణంగా 15 నుండి 25 మిల్లీమీటర్లు వదులుతారు; అయినా మీ ఇంజిన్‌తో వచ్చిన పుస్తకంలో ఉన్నదే తుది మాట. ఆ ఖాళీ ఊరికే వదిలేది కాదు. నాజిల్ నుండి వేగంగా వెలువడే వాయువు చుట్టుపక్కల చల్లని గాలిని తనతో పాటు గొట్టంలోకి లాక్కుపోతుంది, ఆ గాలి గోడ వెంట పొరగా ప్రవహించి గొట్టాన్ని కాపాడుతుంది. అందువల్ల బాడీకి ఉన్న గాలి ద్వారాలు ఇంజిన్ పీల్చుకునే గాలికి మాత్రమే కాక దీనికి కూడా సరిపోవాలి; చాలకపోతే బాడీ లోపల పీడనం తగ్గి, పక్కలు లోపలికి నొక్కుకుపోతాయి, వేడి వాయువు వెనక్కి కూడా తిరగవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంజిన్ అక్షం, గొట్టం అక్షం ఒకే గీత మీద ఉండటం. నాజిల్ అంచుకు సరిపోయే ఒక చెక్క బిళ్ళను, గొట్టం వెనుక కొసకు సరిపోయే మరొక బిళ్ళను లేత్ మీద తీయించి, రెండింటి నడిమి రంధ్రాల గుండా దారం బిగువుగా లాగి చూడండి. బెల్‌మౌత్ అంచు నుండి దారానికి నాలుగు వైపులా ఒకే దూరం వచ్చిన తరువాతే ఫార్మర్‌కు జిగురు పెట్టండి.

బొబ్బిలి_లేత్:
బూడితి వారి పనితనానికి వంక పెట్టేవారు ఎవరూ ఉండరు, కానీ ఇక్కడ ఇత్తడి పనికిరాదు. ఎగ్జాస్ట్ వేడికి అది మెత్తబడి ఆకారం కోల్పోతుంది. సొట్ట చిన్నదైతే, ఆ వంపుకు సరిపోయే కొయ్య అచ్చు లోపల పెట్టి, చెక్క సుత్తితో నెమ్మదిగా తట్టండి. ఒకే చోట పదే పదే కొట్టకూడదు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు దెబ్బ తిన్నకొద్దీ గట్టిపడి చివరకు పగులుతుంది. పగిలితే అతుకు వేయించాలని చూడకండి. అంత పలుచని రేకుకు ఆర్గాన్ వెల్డింగు చేసినా సాధారణంగా రంధ్రమే మిగులుతుంది. చెవుల దగ్గర నైలాన్ రింగు ఉన్న లాక్ నట్లు కాకుండా పూర్తి లోహపు లాక్ నట్లే వాడండి.

చంపావతి_ఆర్సీ:
చాలా ధన్యవాదాలండి. మొదటిసారి నడిపినప్పుడు గొట్టం వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తే సరిపోతుందా?

వంశధార_తీరం:
మెరిసే స్టీలు మీద ఆ థర్మామీటరు చాలా తక్కువ చూపిస్తుంది, దానిని నమ్మకండి. గొట్టం మీద ఒకచోట వేడిని తట్టుకునే నలుపు రంగు పూసి అక్కడ చూడండి. మామూలు ఎపాక్సీ 60, 70 డిగ్రీలకే మెత్తబడవచ్చు కనుక, బాడీ లోపలి గోడకు రంగు మారే ఉష్ణోగ్రత స్టిక్కర్లు అతికించండి. ఇంజిన్ చల్లారిన తరువాత గొట్టంలోకి టార్చి వేసి చూడండి: 304 స్టీలు మీద ఎండుగడ్డి పసుపు రంగు వస్తే దాదాపు 340 డిగ్రీలు, నీలం వస్తే 540 దరిదాపులు. రంగు చుట్టూరా సమానంగా ఉంటే పరవాలేదు. ఒకే పక్క నీలం తేలితే వాయువు ఆ పక్కకు తగులుతోందని అర్థం, మళ్ళీ దారం కట్టి ఇంజిన్ పట్టాలను సరిచేయాలి.

నడిపేటప్పుడు విమానం ముక్కు గాలికి ఎదురుగా ఉంచండి. మన తీరంలో మధ్యాహ్నం సముద్రపు గాలి మళ్ళుతుంది కనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండరును చేతికందేలా పెట్టుకోండి, పొడి రకం వద్దు, దానివల్ల ఇంజిన్ పాడవుతుంది. ఆపిన తరువాత ఈసీయూ ఇంజిన్‌ను తిప్పి చల్లార్చడం పూర్తయ్యే వరకు బ్యాటరీ తీయకండి.