గౌల్డియన్ ఫించ్ టెస్ట్ మేటింగ్: గుడ్లు ఎక్కువగా ఖాళీ, లోపం మగదా ఆడదా?

అసలు రంగు, అంటే ఆకుపచ్చ వీపు గౌల్డియన్ల (పంజరంలో పెంచే చిన్న రంగురంగుల పిట్టలు) వంశాన్ని నీలి జన్యువు లేకుండా నిలబెట్టాలి. నా దగ్గరున్న మగపక్షి తల్లిదండ్రులు ఆకుపచ్చవే, కానీ వాటికి ఒక నీలి పిల్ల పుట్టింది. కాబట్టి ఇది స్ప్లిట్ (పైకి ఆకుపచ్చగా ఉన్నా లోపల నీలి జన్యువు మోసే పక్షి) అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. తేల్చడానికి నీలి ఆడపక్షితో జత కట్టించాను (ఇదే టెస్ట్ మేటింగ్). రెండు విడతల్లో 11 గుడ్లు. ఆరో రోజు లైటు పెట్టి చూస్తే 8 ఖాళీ, లోపల పిండం లేదు. పుట్టిన 3 పిల్లలూ ఆకుపచ్చే, కానీ మగది స్ప్లిట్ కాదని నమ్మాలంటే కనీసం 8 పిల్లలు, అన్నీ ఆకుపచ్చవే కావాలి.

మొదటి విడత తర్వాత పెర్చ్‌లు (పిట్టలు కూర్చునే కర్రలు) కదలకుండా బిగించాను, రెండింటి గోళ్లూ కత్తిరించాను, గుడ్డు మేత, కటిల్‌బోన్ (కాల్షియం కోసం పెట్టేది) పెంచాను. వెలుతురు 14 గంటలు, వేడి 25 డిగ్రీలు. మార్పేమీ లేదు.

జత విడదీయకుండా లోపం దేనిదో తేల్చే పద్ధతి ఏమిటి?