డెసిబెల్స్ తక్కువే, అయినా ఇంజిన్ మోత గరుకుగా ఎందుకు వినిపిస్తోంది?

నమస్కారం. ఎం.టెక్ ప్రాజెక్టు కోసం రెండు పెట్రోలు కార్లలో డ్రైవరు చెవి దగ్గర మైకు పెట్టి, ఇంజిన్ వేగాన్ని నెమ్మదిగా పెంచుతూ శబ్దం రికార్డు చేశాను. నిమిషానికి 3000 చుట్ల దగ్గర మూడు సిలిండర్ల కారులో ముఖ్య శబ్దం 75 హెర్ట్జ్, నాలుగు సిలిండర్లదానిలో 100. సిలిండర్లలో ఇంధనం సెకనుకు ఎన్నిసార్లు మండుతుందన్న లెక్కతో సరిపోయింది.

చిక్కల్లా తర్వాతే. ఏ-వెయిటింగ్‌తో (చెవికి తక్కువగా వినిపించే మంద్ర శబ్దాలను తగ్గించి లెక్కించే డెసిబెల్ కొలతతో) చూస్తే మూడు సిలిండర్ల కారే నిశ్శబ్దమైనది. విన్నవాళ్లు మాత్రం అదే గరగరలాడుతోందన్నారు. మా అమ్మయితే "పిండిమర పక్కన కూర్చున్నట్టుంది" అంది! ఏ-వెయిటింగ్ 100 హెర్ట్జ్ దగ్గరే సుమారు 19 డెసిబెల్స్ కోసేస్తుంది కనుక ఆ అంకెపై నాకు నమ్మకం పోయింది. జ్వికర్ పద్ధతిలో లౌడ్‌నెస్‌ను, అంటే మనిషికి శబ్దం ఎంత బిగ్గరగా అనిపిస్తుందో దాన్ని, సోన్‌లనే ప్రమాణంలో లెక్కించాను. అదీ తేడాను పూర్తిగా పట్టలేదు.

ఇప్పుడు గరుకుదనాన్ని దాని ప్రమాణమైన ఆస్పర్‌లలో కొలవాలనుకుంటున్నాను. వేగం మారుతూ ఉండే రికార్డింగును ఎంత నిడివి ముక్కలుగా తీసుకోవాలి? శ్రోతలను జంటలుగా పోల్చమనడం మేలా, మార్కులు వేయమనడం మేలా? పైగా హెడ్‌ఫోన్లలో స్టీరింగు వణుకు తెలియదు. ఈ పని చేసినవారు దాన్ని ఎలా సర్దుబాటు చేశారో చెప్పగలరా?