ఎంఆర్ఐలో ‘పాండా ముఖం’ అన్నారు, చెల్లికీ స్కాన్ తీయించాలా?

ప్రశ్న:
మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. ఏడాదిగా చేతిరాత పాడైంది, మాట ముద్దగా వస్తోంది. పరీక్షల టెన్షన్ అనుకున్నాం. ఎంఆర్ఐ రిపోర్టులో ‘జెయింట్ పాండా ముఖం’ ఉందని రాశారు, విల్సన్ వ్యాధి (ఒంట్లో రాగి పేరుకుపోయే జన్యు జబ్బు) కావచ్చట. అక్కాబావలది మేనరికం. వాడి చెల్లి బాగానే ఉంది. దానికీ ఎంఆర్ఐ తీయించాలా?

జవాబు 1:
నేను వరంగల్‌లో ఎంఆర్ఐ టెక్నీషియన్‌నండి. టీ2 అనే రకం ఎంఆర్ఐ చిత్రాల్లో మధ్యమెదడు తెల్లబడి, అందులోని రెడ్ న్యూక్లియస్‌లు అనే రెండు గుండ్రటి భాగాలు మాత్రం నల్లగా మిగులుతాయి. అవే పాండా కళ్లు. పేరు ముద్దుగా ఉందిగానీ, అక్కడ కణాలు దెబ్బతిన్నాయని అర్థం. చాలామంది రోగుల్లో ఈ ముఖం కనపడనే కనపడదు. అందుకే పాపకి స్కాన్ నార్మల్‌గా వచ్చినా నిశ్చింతగా ఉండొద్దు.

జవాబు 2:
ముందు స్కాన్ కాదు. రక్తంలో సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రోటీన్), 24 గంటల మూత్రంలో రాగి, లివర్ పరీక్షలు చేయించండి. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) అంచున రాగి చేరి ఏర్పడే గోధుమరంగు వలయం కోసం చూస్తారు. తోబుట్టువుకు వచ్చే అవకాశం 25 శాతం. ఈ వ్యాధికి కారణమయ్యే ఏటీపీ7బీ జన్యువులో అన్నకున్న లోపం దొరికితే, చెల్లికి అదే జన్యు పరీక్ష తేల్చేస్తుంది. మేనరికం కానివాళ్లకూ వస్తుంది, అక్కను ఎవరూ ఏమీ అనకండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. ఇంట్లో రాగి బిందె నీళ్లే తాగుతాం, ఆపాలా?

జవాబు 2:
ఇవాళే ఆపండి.