ఒకే నెబ్యులా, రెండు పరారుణ చిత్రాలు: రెండోదానిలో నక్షత్రాలు ఏమైనట్టు?

వేగుచుక్క (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఈగిల్ నెబ్యులా అనే వాయు ధూళి మేఘంలో స్తంభాల్లా నిలిచిన సృష్టి స్తంభాలను జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన రెండు చిత్రాలు 2022 అక్టోబరులో కొద్ది రోజుల తేడాతో విడుదలయ్యాయి. వాటిని పక్కపక్కన పెట్టుకొని వారం రోజులుగా చూస్తున్నాను. నిర్‌క్యామ్ కెమెరాతో తీసిన మొదటి చిత్రంలో స్తంభాలు పలచబడి, చుట్టూ ఆవాలు చల్లినట్టు వేల నక్షత్రాలు కనిపిస్తున్నాయి. మిరి పరికరంతో తీసిన రెండో చిత్రంలో అవే స్తంభాలు బూడిదరంగు పొగలా చిక్కబడ్డాయి, నక్షత్రాలు దాదాపుగా మాయమయ్యాయి. పరారుణ కాంతి, అంటే కంటికి కనిపించే ఎరుపు కంటే పొడవైన తరంగాల కాంతి, ధూళిని దాటుకొని వస్తుందని ఇంతకాలం చదువుకున్నాను. అదే నిజమైతే, తరంగదైర్ఘ్యం ఇంకా ఎక్కువగా ఉన్న రెండో చిత్రంలో ధూళి ఇంకా పలచబడాలి కదా? రెండింటిలో దేన్ని అసలు రూపంగా తీసుకోవాలి?

మరొక సందేహం కూడా ఉంది. వెబ్ దత్తాంశాన్ని భద్రపరిచే ఆర్కైవు నుంచి దింపుకొన్న ముడి ఫైలును తెరిచి చూస్తే, బాగా వెలిగే నక్షత్రాల నట్టనడుమ నల్లటి మచ్చ కనిపించింది. అది ఏమిటో దయచేసి చెప్పగలరు.

అరుంధతి:

మీరు చదివింది తప్పు కాదు, కానీ అది సగం మాత్రమే. ధూళి తన వెనుక ఉన్న కాంతిని అడ్డుకోవడం ఒక సంగతి, తానే వెలగడం మరొక సంగతి. మొదటి చిత్రంలో మొదటిది తగ్గింది, రెండో చిత్రంలో రెండోది పైకి వచ్చింది.

అడ్డు ఎంతగా తగ్గుతుందో తెలియాలంటే మన గెలాక్సీ కేంద్రాన్ని తలచుకోండి. అక్కడి నుంచి బయలుదేరిన దృశ్యకాంతిలో సుమారు లక్ష కోట్ల ఫోటాన్లకు ఒక్కటి మాత్రమే మనదాకా వస్తుంది. 2 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పరారుణ కాంతి దగ్గరైతే దాదాపు పది పదిహేనింటికి ఒకటి చేరుతుంది. ధూళి రేణువుల్లో అత్యధికం మైక్రాను కంటే చిన్నవి కాబట్టి, వాటి పరిమాణం కంటే పొడవైన తరంగాలను అవి అంతగా చెదరగొట్టలేవు.

ఇక వెలుగు సంగతి. ఏ వస్తువైనా తన ఉష్ణోగ్రతను బట్టి ఏదో ఒక తరంగదైర్ఘ్యం దగ్గర గరిష్ఠంగా వెలుగుతుంది. సూర్యుని వంటి నక్షత్రానికి అది సుమారు 0.5 మైక్రాను. అక్కడి నుంచి 15 మైక్రాన్ల దాకా వెళ్లేసరికి ఆ నక్షత్రపు కాంతి చాలా అడుగంటిపోతుంది. దాదాపు 200 కెల్విన్ల దగ్గర, అంటే సుమారు మైనస్ 73 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న ధూళి మాత్రం సరిగ్గా ఆ ప్రాంతంలోనే బాగా వెలుగుతుంది. కనుక మిరి చిత్రంలో నక్షత్రాలు ఎక్కడికీ పోలేదు. వాటి కాంతి సన్నగిల్లింది, ధూళి వెలుగు దాన్ని మించిపోయింది.

అసలు రూపం ఏది అన్న ప్రశ్నను నేనైతే పక్కన పెడతాను. రెండూ నిజమైన కాంతి నుంచి వచ్చినవే. మొదటిది నక్షత్రాలను అడిగి తెలుసుకున్న సమాచారం, రెండోది ధూళిని అడిగి తెలుసుకున్నది.

పాలపుంత:

అరుంధతి గారి వివరణకు ఒక చిన్న సవరణ. తరంగదైర్ఘ్యం పెరిగే కొద్దీ ధూళి అడ్డు తగ్గుతూనే పోతుందని అనుకోకూడదు. 10 మైక్రాన్లకు కాస్త ఇవతల ఇసుక వంటి సిలికేట్ రేణువులు కాంతిని మళ్లీ గట్టిగా పీల్చుకుంటాయి. అదీ కాక, ఈ మిరి చిత్రానికి 7.7, 11.3, 15 మైక్రాన్ల వడపోతలు, అంటే ఆయా తరంగదైర్ఘ్యాల దగ్గరి కాంతిని మాత్రమే పోనిచ్చే ఫిల్టర్లు వాడారు. మొదటి రెండు తరంగదైర్ఘ్యాల దగ్గర మసి వంటి కర్బన అణువులు, అంటే పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు, అతినీలలోహిత కాంతి తగిలి ప్రత్యేకంగా వెలుగుతాయి. ఆ చిత్రంలో పొగలా కనిపించేదానిలో వీటి వాటా పెద్దదే. ఏ పరారుణ చిత్రాన్నైనా చూసే ముందు కింద రాసిన వడపోతల జాబితాను చదవమని నేను అందరికీ చెబుతుంటాను. చాలామంది దాన్ని దాటేసి నేరుగా రంగుల మీద చర్చకు దిగుతారు.

మీ నల్లటి మచ్చ విషయానికి వస్తే, నేనూ మొదటిసారి చూసినప్పుడు ఫైలు పాడైపోయిందనుకొని మూడుసార్లు దింపుకొన్నాను. ఆ నక్షత్రం కాంతి మరీ ఎక్కువై, మధ్యలోని పిక్సెళ్లు నిండిపోయాయి. నిండిన పిక్సెల్ చెప్పే విలువను నమ్మలేము కాబట్టి, దత్తాంశాన్ని శుద్ధి చేసే ప్రోగ్రాము అక్కడ విలువ లేదని గుర్తు పెడుతుంది. తెర మీద అది నలుపుగా కనిపిస్తుంది. విడుదలైన చిత్రాల్లో ఆ చోటును చుట్టుపక్కల విలువలతో పూడ్చేస్తారు.

ముడి ఫైలు తెరిచినవారికి మరొకటి కూడా అనుభవమే. మొదట అంతా చీకటిగా ఉండి, నాలుగైదు చుక్కలు తప్ప ఏమీ కనబడదు. నెబ్యులా అందులోనే ఉంటుంది, కానీ నక్షత్రాలతో పోలిస్తే దాని విలువలు అతి స్వల్పం. తక్కువ విలువలను విప్పార్చి, ఎక్కువ విలువలను కుదిస్తే, పొగ విడిపోయినట్టు మెల్లగా బయటపడుతుంది. అప్పటికీ అది నలుపు తెలుపుల్లోనే ఉంటుంది. ఒక్కో వడపోతకు ఒక్కో నలుపు తెలుపు చిత్రం వస్తుంది, వాటిలో పొట్టి తరంగాలకు నీలం, పొడవైన వాటికి ఎరుపు చొప్పున రంగులిచ్చి కలుపుతారు. దీన్ని మోసం అనేవారితో నేను ఏకీభవించను. స్వరాల వరుస చెడకుండా పాటను మన గొంతుకు అందే శ్రుతికి తెచ్చుకోవడం వంటిదే ఇది.

వేగుచుక్క:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మచ్చల సంగతి తెలిశాక మనసు తేలికపడింది. అయితే ఇంకొకటి మిగిలింది. మిరి చిత్రాన్ని పెద్దది చేసి చూస్తే అంచులు మెత్తగా, కాస్త మసకగా ఉన్నాయి. అది ఆ పరికరం లోపమా?

అరుంధతి:

లోపం కాదు. దర్పణం ఒకటే అయినప్పుడు, తరంగం ఎంత పొడవైతే చిత్రం అంత మెత్తబడుతుంది. వెబ్ దర్పణం 6.5 మీటర్లు, హబుల్‌ది 2.4 మీటర్లు. అయినా 2 మైక్రాన్ల దగ్గర వెబ్ చూపే సూక్ష్మత, దృశ్యకాంతిలో హబుల్ చూపేదానికి దగ్గరగానే ఉంటుంది. 15 మైక్రాన్లకు వెళితే అందులో ఏడో వంతు స్పష్టత మాత్రమే మిగులుతుంది. 2003లో బయలుదేరిన స్పిట్జర్ అనే పరారుణ అంతరిక్ష టెలిస్కోపు దర్పణం 85 సెంటీమీటర్లే కాబట్టి, అది తీసిన పాత చిత్రాలను చూశాక మిరి మసక అనాలనిపించదు.

చలి కూడా ఇందులో భాగమే. గది ఉష్ణోగ్రతలో ఉన్న వస్తువులన్నీ 10 మైక్రాన్ల ప్రాంతంలో వెలుగుతాయి, టెలిస్కోపు తన వెలుగులో తానే మునిగిపోతుంది. అందుకే వెబ్‌ను ఐదు పొరల తెర చాటున ఉంచారు, మిరిని 7 కెల్విన్ల కంటే తక్కువకు యంత్రంతో చల్లబరుస్తారు.

పాలపుంత:

మీ దగ్గర రెండు చిత్రాలూ ఉన్నాయి కాబట్టి రెండు చోట్లు చూడమని కోరుతున్నాను. మొదట నిర్‌క్యామ్ చిత్రంలో ఖాళీగా ఉన్న మూలలు. వెబ్ తీసిన చాలా చిత్రాల్లో వెనుక దూరపు గెలాక్సీలు గుంపులుగా కనిపిస్తాయి, ఇక్కడ అవి కనబడవు. మన గెలాక్సీ పళ్లెంలోని వాయువు, ధూళి దట్టంగా అడ్డుపడడంతో ఆ వెలుగు మనదాకా రాలేదు. పరారుణం అన్నిటినీ దాటుకొని చూస్తుందనే మాటకు ఈ చిత్రమే జవాబు.

రెండోది మిరి చిత్రంలో స్తంభాల అంచుల దగ్గర ఉన్న కెంపురంగు చుక్కలు. అవి ఇంకా తమ ధూళి ముసుగును వదలని పసి నక్షత్రాలు. అక్కడక్కడ నీలంగా కనిపించేవి ఆ ముసుగును ఎప్పుడో విడిచిన పాత నక్షత్రాలు. ఒక్కో కెంపు చుక్కను గుర్తుపెట్టుకొని, అదే చోటును నిర్‌క్యామ్ చిత్రంలో వెతకండి. స్తంభాల అంచుల్లో లావాలా ఎర్రగా వంకర్లు తిరిగిన చోట్లు తగిలితే, అవి పుడుతున్న నక్షత్రాలు చిమ్మిన ధారలు చుట్టుపక్కల మేఘాన్ని ఢీకొని, హైడ్రోజన్ అణువులను వెలిగించిన చోట్లు.