చేతి స్కానర్‌తో ఇంజిన్ లోపం పట్టుకోవడం: కోడ్ వచ్చాక ఏం చూడాలి?

కరకట్ట (గుంటూరు)
నమస్కారం. నాది 2015 నాటి పెట్రోలు కారు. కొన్నాళ్లుగా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ వణుకుతోంది, మీటర్ బోర్డులో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. తెర, బటన్లు ఉన్న చిన్న చేతి స్కానర్ ఒకటి కొన్నాను. స్టీరింగ్ కింద ఉన్న 16 పిన్నుల పోర్టులో పెడితే పి0171 అని చూపించింది. ఇంజిన్‌లో గాలి, పెట్రోలు మిశ్రమం పలచబడిందని దాని అర్థమట. వర్క్‌షాపులో ఆ కోడ్ చెప్పగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చాలన్నారు. అది ఖరీదైన వస్తువు. మార్చే ముందు నేనే ఇంకేమైనా చూసుకోవచ్చా? ఇదే కోడ్ వచ్చినవారు ఏం చేశారో చెప్పండి.

ఆటోనగర్ వైరింగ్ (విజయవాడ)
ఇప్పుడే సెన్సర్ కొనకండి. కోడ్ కూడా చెరపకండి. చెరిపితే దానితోపాటే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. లోపం దొరికిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఆర్పీఎం ఎంత, బండి కదులుతోందా ఆగి ఉందా, లోడు ఎంత అన్నవన్నీ కంప్యూటర్ అందులో రాసి పెట్టుకుంటుంది. మా షెడ్డుకు వచ్చే చాలా బండ్లలో ఎవరో ఒకరు ముందే కోడ్ చెరిపేసి ఉంటారు. ఇక అన్నీ మొదటి నుంచి వెతుక్కోవాల్సిందే.

గాలి ఎక్కువైందో, పెట్రోలు తక్కువైందో ఆక్సిజన్ సెన్సర్ గమనించి చెప్పింది కాబట్టే పి0171 వచ్చింది. సెన్సరే చెడిపోతే సాధారణంగా పి0130 వరుసలోని కోడ్‌లు వస్తాయి. ఉన్న సాక్ష్యాన్ని బట్టి చూస్తే ఆ సెన్సర్ మీద నేరం మోపడానికి కారణమే లేదు.

స్కానర్‌లో లైవ్ డేటాలోకి (ఇంజిన్ అంకెలు అప్పటికప్పుడు కనిపించే చోటు) వెళ్లి షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. అసలు లెక్క కంటే ఎంత శాతం ఎక్కువ పెట్రోలు పోయాల్సి వస్తోందో, ఎంత తగ్గించాల్సి వస్తోందో అవి చెబుతాయి. రెండూ కలిపి పది శాతం లోపు ఉంటే కంగారు పడనక్కర్లేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిలింగ్‌లో ఒకసారి, 2500 ఆర్పీఎం దగ్గర నిలకడగా రేజ్ చేసి మరోసారి రాసుకోండి. ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలతో కలిపి ఇక్కడ పెట్టండి.

కరకట్ట (గుంటూరు)
చూశానండి. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో కూలెంట్ 88 డిగ్రీలు, 760 ఆర్పీఎం, వేగం సున్నా, లాంగ్ టర్మ్ +23. ఇప్పుడు ఐడిలింగ్‌లో లాంగ్ టర్మ్ +22, షార్ట్ టర్మ్ +4 దగ్గర ఊగుతోంది. రేజ్ చేస్తే రెండూ కలిపి +7కు దిగుతోంది.

ఆటోనగర్ వైరింగ్ (విజయవాడ)
మీ అంకెలే దారి చూపిస్తున్నాయి. లోపలికి వచ్చే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ దాటాక ఎక్కడో దొంగగాలి, అంటే కొలతకు అందని గాలి, లోపలికి పోతోంది. ఐడిలింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం కాబట్టి ఆ చిన్న పగులు నుంచి వచ్చే గాలికి వాటా పెద్దది. రేజ్ చేస్తే థ్రాటిల్ నుంచే బోలెడంత గాలి వస్తుంది, పగులు ప్రభావం చిన్నదైపోతుంది. అందుకే ట్రిమ్ దిగింది.

ఇదే కోడ్ వచ్చి, ఐడిలింగ్‌లో ట్రిమ్ బాగానే ఉండి, హైవే మీద ఎత్తు ఎక్కేటప్పుడు పెరుగుతుంటే కథ వేరు. అక్కడ పెట్రోలు పంపు బలహీనపడిందా, ఫిల్టర్ మూసుకుపోయిందా, ఎయిర్ ఫ్లో సెన్సర్ మీద మురికి పట్టి గాలిని తక్కువ చేసి చెబుతోందా అని వెతకాలి. కోడ్ ఒకటే అయినా రిపేరు పూర్తిగా వేరు.

బానెట్ తీసి ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ దాకా ఉన్న రబ్బరు గొట్టాన్ని వంచి మడతల్లో చూడండి. క్రాంక్‌కేస్ గాలి తిరిగి వచ్చే సన్న గొట్టం, బ్రేక్ బూస్టర్ గొట్టం, మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ కూడా చూడాలి. వేడి ఇంజిన్ మీద క్లీనర్ స్ప్రే కొట్టి పరీక్షించమని వీడియోల్లో చెబుతారు. దయచేసి ఇంట్లో ఆ పని చేయకండి, మంటలు లేస్తాయి. పొగ పెట్టి పరీక్షించే యంత్రం ఉన్న షెడ్డుకు వెళ్తే ఆ పగులులోంచి పొగ బయటికి వచ్చి చోటు తెలిసిపోతుంది.

గోల్కొండ దారి (హైదరాబాద్)
చాలా చిన్న కార్లలో ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉండదు. మ్యానిఫోల్డ్‌లోని ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అలాంటి బండిలో దొంగగాలి దూరితే ఆ ఒత్తిడి పెరిగిన సంగతి కంప్యూటర్‌కు తెలిసిపోతుంది, పెట్రోలు కూడా దానికి తగ్గట్టే పోస్తుంది. ట్రిమ్ పెద్దగా మారకుండా ఐడిలింగ్ ఆర్పీఎం పెరిగి కూర్చుంటుంది. కాబట్టి పై పద్ధతి పాటించే ముందు లైవ్ డేటాలో గాలి సెకనుకు గ్రాముల్లో కనిపిస్తోందా, కిలోపాస్కల్‌లో కనిపిస్తోందా చూసుకోండి.

మ్యాప్ సెన్సర్ నిజం చెబుతోందో లేదో తెలుసుకోవడం చాలా సులువు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేస్తే బయటి గాలి ఒత్తిడి చూపాలి. విజయవాడలో, విశాఖలో 100 కిలోపాస్కల్‌కు దగ్గరగా ఉంటుంది. మా హైదరాబాద్ ఐదు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి 95 దగ్గర చూపుతుంది, బెంగళూరులో ఇంకా తక్కువ. ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో సుమారు 30 నుంచి 40 మధ్యకు దిగాలి. నేను ఏ కారు చూసినా మొదట చేసే పరీక్ష ఇదే.

గ్యాస్ బండి (రాజమహేంద్రవరం)
మాది సీఎన్జీ టాక్సీ. గ్యాస్‌ను మండించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి, అందుకే ప్లగ్గులు, వాటికి ఆ వోల్టేజీ అందించే కాయిళ్లు త్వరగా అలసిపోతాయి. ఆ మధ్య మిస్సింగ్ వచ్చి స్కానర్ పెడితే పి0303, అంటే మూడో సిలిండర్ సరిగా మండడం లేదు. అక్కడి కాయిల్ తీసి రెండో సిలిండర్‌లో, రెండోది మూడోదాంట్లో పెట్టి, కోడ్ రాసుకుని చెరిపి కాస్త దూరం నడిపాను. పి0302 వచ్చింది. కోడ్ కాయిల్ వెంటే నడిచిందంటే దోషం కాయిల్‌దే. కోడ్ మూడోదాంట్లోనే ఉండిపోయి ఉంటే ప్లగ్గు, తర్వాత ఇంజెక్టర్, చివరికి కంప్రెషన్ చూసేవాణ్ణి.

డ్రైవర్ సోదరులకు ఒక మాట. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే బండి నెమ్మదిగా ఇంటికి తెచ్చుకోవచ్చు. అది టపటపా కొట్టుకుంటుంటే మాత్రం మండని ఇంధనం సైలెన్సర్ వైపు వెళ్లి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తోందని అర్థం. ట్రిప్పు పోయినా పరవాలేదు, పక్కకు ఆపేయండి.

సీమ డీజిల్ (అనంతపురం)
డీజిల్ వారికి ఈ ట్రిమ్‌లు పనికిరావు. మనం చూడాల్సింది రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టంలోని ఒత్తిడి. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ చచ్చిపోయి పి0087 వచ్చింది, అంటే రైల్‌లో ఒత్తిడి చాలడం లేదు. హైప్రెషర్ పంపు పోయిందని ఒకచోట భయపెట్టారు. లైవ్ డేటాలో కంప్యూటర్ కోరుతున్న ఒత్తిడి, నిజంగా వస్తున్న ఒత్తిడి రెండూ పక్కపక్కన పెట్టుకుని, మిత్రుణ్ణి డ్రైవింగ్‌లో కూర్చోబెట్టి చూశాను. ఐడిలింగ్‌లో రెండూ 300 బార్ దగ్గర కలిసే ఉన్నాయి. గట్టిగా తొక్కితేనే రెండోది వెనకబడింది. ముందు చవకైనదాంతో మొదలుపెడదామని డీజిల్ ఫిల్టర్ మార్పించాను, అందులోంచి నీళ్లు, నల్లటి మడ్డి వచ్చాయి. ఆ తర్వాత రెండు గీతలూ కలిసే నడిచాయి. పంపు జోలికే వెళ్లలేదు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంది. రోజూ ఊళ్లోనే తిరిగితే మసిని కాల్చుకునే అవకాశం దానికి దొరకదు, మసి పేరుకుందని చెప్పే పి2463 వస్తుంది. కొన్ని స్కానర్లు ఆగి ఉన్న బండిలోనే మసిని బలవంతంగా కాల్పిస్తాయి. ఆ సమయంలో ఫిల్టర్ లోపల 600 డిగ్రీల దాకా వేడి పుడుతుంది. ఎండుగడ్డి మీద గానీ మూసిన షెడ్డులో గానీ ఆ పని చేయకూడదు. ఆయిల్ గేజి కూడా తీసి చూడండి. మసి కాల్చడం మధ్యలో ఆగిపోతుంటే డీజిల్ ఆయిల్లోకి దిగి మట్టం పెరుగుతుంది.

కరకట్ట (గుంటూరు)
దొరికింది! క్రాంక్‌కేస్ గాలి గొట్టం, మ్యానిఫోల్డ్ దగ్గర మలుపులో అడుగువైపు చీలి ఉంది. పైనుంచి చూస్తే అసలు కనబడదు, వేలితో తడిమితే తగిలింది. కొత్తది వేయించాను, ఆక్సిజన్ సెన్సర్ ధరతో పోలిస్తే లెక్కలోకి రాని ఖర్చు. ఇప్పుడు ఐడిలింగ్‌లో ట్రిమ్ +3. వణుకు పోయింది. వైరింగ్ గారికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే.

సాన్‌హోసే తెలుగు (కాలిఫోర్నియా)
ఇక్కడ 2000, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు స్మాగ్ పరీక్ష (పొగ కాలుష్య పరీక్ష) దాదాపు మొత్తం ఈ పోర్టు ద్వారానే జరుగుతుంది. పరీక్ష ముందు రోజు కోడ్ చెరిపి లైటు ఆర్పితే గట్టెక్కుతామని కొత్తగా వచ్చినవారు అనుకుంటారు. చెరిపితే రెడీనెస్ మానిటర్లు, అంటే కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు, చాలావరకు 'పూర్తి కాలేదు' అని మారిపోతాయి, పరీక్షలో బండి తప్పుతుంది. శాశ్వత కోడ్‌లు ఇంకో రకం. స్కానర్‌తో వాటిని చెరపలేం. రిపేరు అయ్యాక బండి మామూలుగా తిరిగి, కంప్యూటర్ తనంతట తాను తృప్తి పడితేనే పోతాయి.

ఇక్కడ అందరినీ బెదిరించే కోడ్ పి0420, అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని. కన్వర్టర్ అంటేనే పెద్ద ఖర్చు. మార్చే ముందు కన్వర్టర్‌కు ముందు, వెనుక ఉన్న రెండు ఆక్సిజన్ సెన్సర్ల గ్రాఫులు చూడండి. ముందుది 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగాలి, వెనుకది దాదాపు నిలకడగా ఉండాలి. వెనుకది కూడా ముందుదానిలాగే ఊగుతుంటే కన్వర్టర్ మీద అనుమానం బలపడుతుంది. అయినా సైలెన్సర్ గొట్టంలో లీకు లేదని తేల్చుకోకుండా డబ్బు పెట్టవద్దు. అన్ని కార్లలో ముందు సెన్సర్ ఈ రకం ఉండదు, కొత్తవాటిలో వేరే రకం ఉంటుంది, దాని అంకెలు ఇలా ఊగవు.

కాకతీయ వాహనం (వరంగల్)
పై మాట సెకండ్ హ్యాండ్ కారు కొనేవారికి బంగారం లాంటిది. బేరానికి వెళ్లినప్పుడు లైటు వెలగలేదని సంతోషించకండి. మానిటర్లు చూడండి. చాలావరకు అసంపూర్తిగా ఉంటే ఈ మధ్యే కోడ్‌లు చెరిపారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. చాలా బండ్లలో 'కోడ్‌లు చెరిపాక నడిచిన దూరం' కూడా లైవ్ డేటాలో ఉంటుంది. అక్కడ అయిదారు కిలోమీటర్లు కనిపిస్తే యజమానిని కారణం అడగండి. నేను మా బావమరిది కోసం చూసిన ఒక కారును ఈ అంకె చూసే వదిలేశాం.

పాత సెడాన్ (నెల్లూరు)
అయ్యా, నాది 2012 కారు. లైటు లేదు, మిస్సింగ్ లేదు. ఈ చర్చ చదివి ట్రిమ్ చూస్తే +8 ఉంది. ఇదివరకు +3, +4 ఉండేది. ఇప్పుడు వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు వల్లనా?

ఆటోనగర్ వైరింగ్ (విజయవాడ)
కావచ్చు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది. వట్టి పెట్రోలు మండటానికి ఒక వంతుకు 14.7 వంతుల గాలి కావాలి, 20 శాతం కలిపినదానికి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి, ట్రిమ్ ఆ మేరకు పెరుగుతుంది. 10 శాతం మిశ్రమం నుంచి 20కి మారితే నాలుగైదు శాతం తేడా సహజమే. అయితే ఐడిలింగ్‌లోనూ రేజ్‌లోనూ ఒకేలా పెరిగిందో లేదో చూడండి. ఒకచోటే పెరిగితే ఇథనాల్‌ను నిందించి ఊరుకోకండి. మీ కారు పాతది కాబట్టి రబ్బరు గొట్టాలు, సీళ్లు కూడా ఒకసారి చూపించుకోవడం మంచిది.

పచ్చని పొలం (తణుకు)
మా ఇంటి దగ్గర ఎలుకల బెడద. ఒక ఉదయం కారు స్టార్ట్ అవడానికి మొరాయించింది, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది. స్కానర్‌లో కూలెంట్ వేడి మైనస్ 40 డిగ్రీలు! మన గోదావరి జిల్లాల్లో మైనస్ నలభై ఎక్కడిది? వైరు తెగినప్పుడు కంప్యూటర్ చూపే అంకె అదేనట. సెన్సర్ దగ్గరి వైరును ఎలుక కొరికేసింది, అతికించి టేపు చుట్టగానే సరిపోయింది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి దాదాపు ఒకేలా ఉండాలి. పొద్దున్నే ఇంజిన్ వేయకముందు ఆ రెండూ చూస్తే సెన్సర్ తప్పుగా చెబుతోందేమో తెలిసిపోతుంది.

బీచ్ రోడ్డు (విశాఖపట్నం)
ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్న ఈఎల్ఎం327 అడాప్టర్ చాలా? చేతి స్కానరే కొనాలా? నాది 2009 కారు.

గోల్కొండ దారి (హైదరాబాద్)
మీ కారుకు ఏది కొన్నా ముందు పరీక్షించి కొనండి. మన దేశంలో బీఎస్-4 బండ్లకు ఓబీడీ (బండి తన లోపాలను తానే గుర్తించి కోడ్ ఇచ్చే ఏర్పాటు) మొదటి దశ ఓబీడీ-1 2010 ఏప్రిల్‌లో, ఓబీడీ-2 2013 ఏప్రిల్‌లో తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు బండ్లలో అదే ఆకారపు పోర్టు ఉన్నా సాధారణ స్కానర్‌తో మాట్లాడకపోవచ్చు. అడాప్టర్లలో నకిలీలు విపరీతం, కొన్ని పాత ప్రోటోకాల్‌లతో పనిచేయవు. గ్రాఫులు చూడాలంటే మంచి అడాప్టర్, ఫోను హాయిగా ఉంటాయి. రోడ్డు మీద ఆగిపోయినప్పుడు ఫోను చార్జింగ్‌తో పని లేని చేతి స్కానర్ మేలు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు కావాలంటే ఆ సౌకర్యం మీ కంపెనీ బండికి ఉందని అడిగి తెలుసుకోండి, చవకవి చాలావరకు ఇంజిన్ వరకే చదువుతాయి. పని అయ్యాక అడాప్టర్ తీసేయండి. ఆ పోర్టుకు తాళం తీసినా 12 వోల్టుల కరెంటు వస్తూనే ఉంటుంది, వారాల తరబడి ఆపిన బండిలో బ్యాటరీ దిగిపోతుంది.

బీచ్ రోడ్డు (విశాఖపట్నం)
ధన్యవాదాలు. ఆదివారం మిత్రుడి స్కానర్ పెట్టి చూసి, పలికిందో లేదో ఇక్కడే రాస్తాను.