అద్దెకి తిరిగే బేస్ స్పీకర్ బాక్సులకి గరుకు ఫినిష్: రెక్సినా, రోలర్ రంగా, స్ప్రే కోటింగా?

బొబ్బిలి_బాక్సులు:
18 ఎంఎం ప్లైతో నాలుగు బేస్ బాక్సులు కట్టడం అయిపోయింది. ఒక్కోటి 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు, రెండున్నర అడుగుల ఎత్తు. పైన ఏం వెయ్యాలన్నదే తేలట్లేదు. ఇవి హాల్లో కూర్చునేవి కావు. జాతర్లు, పెళ్లిళ్లు, వ్యానులో ఒకదాని మీద ఒకటి పెట్టి తాళ్లతో బిగించి కట్టడం. విజయనగరం సిరిమానోత్సవం నాటికి అద్దెకి దింపాలి, మన దగ్గర తుపాన్లూ ఆ అక్టోబర్లోనే. రెక్సిన్ అంటించమని ఒకరు, కార్ల అడుగున కొట్టే నల్ల అండర్‌కోటింగ్ కొట్టించమని ఒకరు, గోడల టెక్స్చర్ రంగు మిగిలుంది కదా అదే పూసెయ్యమని ఇంకొకరు. నా దగ్గర స్ప్రే గన్నుకి గాలి కొట్టే కంప్రెసర్ లేదు. ఏది నిలుస్తుంది?

గరుకు_రోలర్:
ఆ మూడూ వద్దండి.

రెక్సిన్ చూడ్డానికి బాగుంటుంది. ఎస్ఆర్ 998 లాంటి జిగురు రెండు వైపులా పూసి, తడి ఆరాక అంటిస్తే గట్టిగానే పట్టుకుంటుంది. కానీ వ్యాను అంచుకి ఒక్కసారి గీసుకుందంటే చిరుగు అక్కణ్ణుంచి పాకుతుంది. చిరుగులోంచి దిగిన నీళ్లు రెక్సిన్ కింద ఆరవు, ప్లై లోలోపలే ఉబ్బుతుంది. కార్పెట్ అంతకన్నా అన్యాయం, మన తీరం తేమకి బూజు వాసన పట్టేస్తుంది.

కార్ల అండర్‌కోటింగుల్లో చాలావాటికి మూలం తారు. అది పూర్తిగా గట్టిపడదు. మే నెల ఎండలో నల్ల బాక్సు కాలిపోతుంటే తాళ్లకీ, ఎత్తేవాళ్ల చొక్కాలకీ అంటుకుంటుంది.

గోడ టెక్స్చర్ కదలని గోడ కోసం చేసిన సరుకు. దెబ్బ తగిలితే పెచ్చులుగా లేస్తుంది, అందులో ఇసుక పలుకులు చేతులు గీరేస్తాయి.

గన్ను లేనివాళ్లకి స్పీకర్ బాక్సుల కోసమే చేసే, నీటితో కలిపే అక్రిలిక్ క్యాబినెట్ రంగే సరైనది. వార్నెక్స్, డ్యూరాటెక్స్ ఈ కోవవే. పోటు పడిన చోట రుద్ది మళ్లీ రోలర్ తిప్పితే అతుకు కనపడదు. అద్దె బాక్సుకి అన్నిటికన్నా పనికొచ్చే గుణం అదే.

లెక్క: మీ బాక్సు ఆరు పక్కలూ కలిపి 28 చదరపు అడుగులు. స్పీకర్ రంధ్రం తీసేస్తే నాలుగింటికీ 105 దాకా వస్తుంది, అంటే దాదాపు 10 చదరపు మీటర్లు. రెండు కోట్లకీ కలిపి చదరపు మీటరుకి అరకిలో వేసుకోండి. 5 కిలోలు పనికి, ఒక కిలో తర్వాత మరమ్మతుకి. డబ్బా మీద వేరే లెక్క ఉంటే దాన్నే నమ్మండి.

మొదటి కోటు 10 శాతం నీళ్లు కలిపి మామూలు రోలర్‌తో పలచగా వెయ్యండి. రెండోది నీళ్లు కలపకుండా, పెద్ద రంధ్రాలున్న స్పాంజి రోలర్‌తో దళసరిగా. గరుకు వచ్చేది ఆ రోలర్ వల్లే. ఏ పక్క వేస్తున్నారో ఆ పక్క పైకి ఉండేలా బాక్సుని పడుకోబెట్టండి, నిలువుగా వేస్తే జారుతుంది. చివర్లో బరువు పెట్టకుండా ఒకే దిశలో లాగి వదిలెయ్యండి. పైన పొర కట్టడం మొదలయ్యాక ముద్దగా ఉందని మళ్లీ రోలర్ పెట్టారా, చింపిరిగా లేచి వస్తుంది.

ఎండలో వెయ్యొద్దు. చెక్క వేడెక్కితే దాని రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి రంగులో బుడగలు తేలతాయి. ముసురు పట్టిన రోజూ వద్దు. నీడలో పదింటికి మొదలుపెట్టి, సాయంత్రం చల్లబడేలోగా ముగించండి.

చీపురుపల్లి_వడ్రంగి:
పైన చెప్పిందంతా నిజమే గానీ, ఏ రంగు వేసినా ముందు పోయేది అంచులే. ప్లై అంచు నీళ్లు తాగినట్టు రంగునీ తాగేస్తుంది, అక్కడ పొర పలచబడుతుంది, వాన నీరు దిగేదీ అక్కణ్ణుంచే. ఐఎస్ 710 మార్కు మెరైన్ ప్లై అయితే కొంత నయం. ఐఎస్ 303 ఎంఆర్ (తేమని మాత్రం తట్టుకునే) రకమైతే అంచులకి పలచని ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) రెండుసార్లు పట్టించాల్సిందే.

మూలలన్నీ రౌటర్‌తో (చెక్క అంచులు చెక్కే మిషన్‌తో) 6 ఎంఎం గుండ్రం చెయ్యండి. పదునైన మూల మీద ఏ రంగూ నిలవదు, ఆరేటప్పుడు పక్కలకి లాక్కుపోతుంది. స్క్రూ తలలు లోపలికి దించి కార్లకి వాడే రెండు భాగాల లప్పం పెట్టండి. హార్డెనర్ 2 శాతం చాలు, ఎక్కువేస్తే తియ్యడానికి టైమివ్వకుండా గట్టిపడిపోతుంది. గోడ లప్పం పెట్టారంటే బేస్ అదురుకే రాలిపోతుంది.

రెండు పలకలు కలిసే గీత దగ్గర జాగ్రత్త. ఒకదాని అంచు, ఒకదాని ముఖం తేమకి వేర్వేరుగా కదులుతాయి. మామూలుగా రాసేస్తే ఒక వానాకాలం తిరిగేసరికి ఆ గీత వెంట సన్నని పగులు కనపడుతుంది. గీతని కాస్త వి ఆకారంలో చెక్కి ఎపాక్సీతో నింపి, అప్పుడు 120 నంబరు ఉప్పుకాగితం కొట్టండి. మరీ నున్నగా చెయ్యొద్దు, రంగుకి పట్టు ఉండాలి.

స్పీకర్ కూర్చునే రింగు మీదకి గరుకు రంగు రానివ్వకండి. ఎగుడుదిగుడు మీద స్పీకర్ కింద గాలి పోకుండా వేసే గ్యాస్కెట్ సరిగ్గా నొక్కుకోదు, గాలి కారి బుస్సుమంటుంది. టేపు వెయ్యండి, రంగు తడిగా ఉండగానే లాగెయ్యండి. ఆరాక లాగితే అంచు కూడా ఊడి వస్తుంది. స్పీకర్ బోల్టుల కోసం చెక్కలో దిగ్గొట్టిన టీ నట్లలో, రంగు దూరకుండా పాత బోల్టులు బిగించి ఉంచండి. లోపలికి దిగే రకం హ్యాండిళ్లయితే చుట్టూ ఒక మిల్లీమీటరు సందు ముందే వదలాలి, లేకపోతే రంగు మందానికి కూర్చోవు.

షెడ్డు_మేస్త్రి:
ఏడాది పొడవునా వ్యాను దిగని బాక్సులైతే, పికప్ ట్రక్కుల తొట్టికి కొట్టే రెండు భాగాల పాలియురేథేన్ కోటింగ్‌ని మించింది లేదు. అందులో రాప్టర్ బ్రాండ్ అయితే సీసాలో 750 ఎంఎల్ ఉంటుంది, 250 ఎంఎల్ హార్డెనర్ పోసి రెండు నిమిషాలు కుదపాలి. కలిపాక గంటలోపు అయిపోవాలి. సీసాకి తగిలించే గన్నుకి 40 నుంచి 60 పీఎస్ఐ గాలి ప్రెషర్ చాలు. ప్రెషర్ తగ్గిస్తే గింజ పెద్దగా, పెంచితే సన్నగా వస్తుంది.

ఇంటి వాకిట్లో మాత్రం వద్దు. హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, కర్చీఫూ, దుమ్ము మాస్కూ వాటిని ఆపవు. ఆ పొగ పీలిస్తే ఉబ్బసం వచ్చే ప్రమాదం ఉంది. లప్పం, ఎపాక్సీ మీరే చేసుకుని, ఉత్త బాక్సులు కారు పెయింటింగ్ షెడ్డుకి పట్టుకెళ్లండి.

ఇంకొకటి, తర్వాత పోటు పడితే ఆ చోటు గరుకు కలవదు. అతుకు తెలుస్తూనే ఉంటుంది.

బొబ్బిలి_బాక్సులు:
రోలర్ రంగుకే వెళ్తాను. రెండు సందేహాలు. పలాసలో చెక్కకి జీడిపిక్కల తొక్కనూనె పట్టిస్తే చెదా, నీరూ దరిచేరవంటున్నారు. రంగు కింద అది పూయొచ్చా? అయ్యాక టార్పాలిన్ కప్పి ఒకదాని మీద ఒకటి పెట్టేస్తే పర్వాలేదా?

పలాస_తీరం:
నూనె పూసిన చెక్క మీద నీటి రంగు పట్టదు బాబూ, పొరలా ఊడొచ్చేస్తాది. పడవ చెక్కలకి పూస్తారంటే దాని మీద మళ్లీ రంగు అక్కర్లేదు కాబట్టి. పైగా పచ్చి నూనె చర్మానికి తగిలితే బొబ్బలే. ఇప్పటికే పూసిన ముక్కేదైనా ఉంటే దాన్ని పక్కన పెట్టీండి, రుద్దితే పోయేది కాదు.

పేర్చడానికి తొందర పడకండి. చేతికి అంటుకోనంత మాత్రాన ఆరిపోయినట్టు కాదు, అక్రిలిక్ లోపల గట్టిపడ్డానికి కనీసం వారం, ముసురులో రెండు వారాలు. ఈలోగా బాక్సు మీద బాక్సు పెడితే రెండూ అతుక్కుని, విడదీసినప్పుడు ఒకదాని రంగు ఇంకోదానికి వెళ్లిపోతాది. టార్పాలిన్, పాలిథిన్ కూడా అంతే, ముద్ర పడిపోతాది. ముందు రబ్బరు కాళ్లు, ఇనుప మూలలు బిగించీండి, ఆ కాళ్ల మీదే విడివిడిగా నిలబెట్టి గాలి ఆడనివ్వండి. సిరిమాను నాడు దింపాలంటే ఆఖరి కోటు దసరాకి రెండు వారాల ముందే పడాలి.